నున్నగా పూసిన గోడ

బడి గోడకు పడిన పగుల్లోంచి మా అక్క చెయ్యి మోచేతి దాకా బయటికి వచ్చి ఉంది. నన్ను నీళ్లడుగుతోంది.

నేను బకెట్లో చెంబు ముంచి ఆ చేతికి అందిస్తాను. పగులు వెడల్పు నా చిటికెన వేలంత కూడా లేదు. అయినా చెంబు లోపలికి పోతుంది. గుటక వేసిన చప్పుడు మూడుసార్లు వినిపిస్తుంది. చెంబు తిరిగి వచ్చాక చూస్తే అడుగున ఎర్రటి ఇటుక పొడి ఉంది.

మా అక్క బుచ్చవ్వ పోయి నాలుగేళ్లయింది. అంగన్‌వాడీలో ఆయాగా ఉండేది. ఆ అంగన్‌వాడీ గోడే ఆమె మీద కూలింది. అది ఈ బడి ఆవరణలోనే ఉండేది, ఇప్పుడక్కడ చదును చేసిన నేల ఉంది. ఒక చోట కూలిన గోడ నేల కిందుగా పోయి పక్క గోడలో చేరుతుంది. దాని కింద ఉన్నవాళ్లు కూడా దానితోపాటే చేరతారు. కాబట్టి ఆ చెయ్యి ఇక్కడ తేలడంలో నాకేమీ వింత కనబడదు. నాకు ఒళ్లు మండుతోంది, అంతే.

నా పేరు ఓదవ్వ. తాపీ మేస్త్రిని. ఆడదానివి, సిమెంటు మాలు మొయ్యక తాపీ పట్టడమేమిటని మొదట్లో అన్నారు. ఇరవై రెండేళ్లుగా అంటూనే ఉన్నారు. మా ఊరిని ఆనుకుని నల్లగుట్ట ఉంది. క్వారీ వాళ్లు తొమ్మిదేళ్లుగా దాన్ని పేల్చి, పలకలుగా కోసి లారీల్లో పంపుతున్నారు. రోజూ ఒంటిగంటకు పేలుస్తారు. ఊళ్లో పగలని గోడ లేదు. పగిలిన వాటిని బాగు చేయించే బాధ్యత కూడా వాళ్లదే కాబట్టి, వాళ్లే నన్ను పిలుస్తారు. గోడలు పగలగొట్టేవాళ్ల దగ్గరే పని చేస్తున్నానని నాకు తెలుసు. నిద్రలో పళ్లు నూరుతాను. పొద్దున దిండు మీద గుప్పెడు తెల్లటి పొడి ఉంటుంది. దులిపి పనికి వస్తాను.

హెడ్‌మిస్ట్రెస్ సుగుణ టీచర్ హాజరు పట్టీతో గదిలోకి వచ్చి గోడ వైపు చూస్తుంది.

"ఎవరిదది?"

"మా అక్కది, టీచర్."

"బుచ్చవ్వదా." ఆమె కళ్లజోడు సర్దుకుంటుంది. "గోళ్లు గట్ల పెరిగినయేంది? పొద్దున లేస్తె పిల్లలకు జడలేసే చెయ్యి. ఒక్కనాడు గోరు పెంచలేదు."

టీచర్ పర్సులోంచి నెయిల్ కట్టర్ తీసి అయిదు గోళ్లూ కత్తిరిస్తుంది. చెయ్యి కదలకుండా ఉంటుంది. పిల్లలు గదికి అవతలి కొసన కూర్చుని చూస్తున్నారు. మూడో తరగతి, నాలుగో తరగతి కలిసి ముప్పై ఒక్కమంది. వేరే గది లేదు కాబట్టి ఈ గదిలోనే, పగిలిన గోడకు దూరంగా జరిపి కూర్చోబెట్టారు.

పదిన్నరకు క్వారీ ఇంజినీరు చక్రధర్ సార్ టేపు, ఫారం పట్టుకుని వస్తాడు. పగులు పొడవు కొలుస్తాడు. వెడల్పు కొలుస్తాడు. తరువాత చేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా కొలిచి, రాయబోయి ఆగుతాడు.

"ఇది పగుల్లో భాగమా, కాదా?"

"మీరే చెప్పాలె, సారూ."

"ఫారంలో చేతికి గడి లేదు. గడి లేనిది లేనట్టే." ఆయన తరువాతి వరసకు పోతాడు. "పగులు ఎప్పటిది?"

"మీరు గుట్ట పేల్చుడు మొదలువెట్టక ముందు లేదు."

"అలా రాస్తే కొత్తది అవుతుంది, ఓదవ్వా. కొత్తదైతే మా వల్ల అయినట్టు. మా వల్ల కాలేదు కాబట్టి పాతది." పాతది అని రాస్తాడు. అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉంటాయి. "రేపు ఒంటిగంట లోపల పూత అయిపోవాలి. గోడ బాగుందని సంతకం చేసి పంపిస్తే, గుట్టకు ఇటువైపు కూడా పేల్చడానికి అనుమతి వస్తుంది."

"ఇటువైపంటే?" సుగుణ టీచర్ అడుగుతుంది.

"బడి ప్రహరీ దాకా, మేడమ్."

టీచర్ చేతిలో హాజరు పట్టీ ఒక్కసారిగా బరువెక్కుతుంది. రెండు చేతులతో పట్టుకున్నా ఆగక జారి కింద పడుతుంది. గచ్చు మీద చిన్న గుంట పడుతుంది.

"పైన పూస్తే అయ్యేది కాదు, సారూ," అంటాను. "రెండు దిక్కుల జానెడు వెడల్పు చెక్కాలె. లోపలి మట్టి తీసి కడగాలె. అడుగు నుంచి సిమెంటు పాలు పొయ్యాలె. మూడు వరసలకొకటి కడ్డీ అడ్డం వేసి కుట్టాలె. ఊకె పూస్తే గోడ లోపల చీలుతనే ఉంటది. పిల్లలున్న గది ఇది."

"నీకు పూయడం వచ్చు కదా. నీ అంత నున్నగా జిల్లాలో ఎవరూ పూయరు."

ఆయన ఆ మాట మెచ్చుకోలుగానే అంటాడు. నాలుగేళ్ల కిందట అంగన్‌వాడీ గోడ ముందు నిలబడి కూడా ఇదే మాట, ఇదే మెచ్చుకోలుతో అన్నాడు. నా కుడి అరచెయ్యి వేడెక్కుతుంది. తాపీ పిడి నుంచి సన్నగా పొగ లేస్తుంది. చేతిని బకెట్లో ముంచుతాను. నీళ్లు చుయ్యిమని మరుగుతాయి. చక్రధర్ సార్ ఆవిరికి కళ్లజోడు మసకబారితే తుడుచుకుని పెట్టుకుంటాడు.

ఒంటిగంటకు సైరన్ మోగుతుంది. గుట్ట పేలుతుంది. కిటికీలు వణుకుతాయి. పగిలిన గోడ నిలబడే ఉంటుంది, కాని గది పొడుగవుతుంది. అవతలి కొస వెనక్కి వెనక్కి పోతుంది, పిల్లలను మోసుకుని.

చక్రధర్ సార్ టేపు సాగదీస్తూ పోతాడు. టేపు అయిపోతుంది. "గది పెరిగింది. దీన్ని కూడా రాసుకుంటాను. మా వల్ల బడికి జరిగిన మేలు." ఆ మేలు రాయడానికి ఫారంలో పెద్ద గడి ఉంది.

టీచర్ పిల్లలను బయటికి రమ్మని పిలుస్తుంది. ఆమె గొంతు అక్కడికి చేరడానికి, వాళ్లు లేచి సంచులు తగిలించుకోవడానికి, ఇవతలికి నడవడానికి మధ్యాహ్నమంతా పడుతుంది. నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెడతాను. ముప్పై ఒకటో పిల్ల గడప దాటేసరికి బడి వదిలే వేళవుతుంది. ఆ పిల్ల చెప్పులు అరిగిపోయి ఉన్నాయి.

మరునాడు బడి తెరవకముందే ఉలి, సుత్తి తీసుకుని వస్తాను. పూత పనికి రమ్మన్నవాళ్లకు ఉలితో పనేమిటని ఎవరైనా అడుగుతారని చూస్తాను. ఎవరూ అడగరు.

"చెయ్యి లోపలికి తీసుకో, అక్కా. ఉలి తగుల్తది."

చెయ్యి లోపలికి పోతుంది. పాత పూత మీద ఉలి పెట్టి కొడతాను. పెచ్చులు లేస్తాయి. ఇటుకల మధ్య మాలు ఇసకలా రాలుతుంది. ఎక్కడి పగులు అక్కడ విప్పుకుంటూ నా నడుము ఎత్తుకు వచ్చేసరికి లోపలి నుంచి అక్క గొంతు వినిపిస్తుంది.

"నువ్వేనా పూసింది?"

ఏ గోడ సంగతి అడుగుతోందో నాకు తెలుసు.

"నేనే."

"లోపల పగులున్నదని ఎరుకేనా?"

సుత్తి ఆగిపోతుంది. ఈ ప్రశ్నకు నాలుగేళ్లుగా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సారు పూయమన్నాడు అన్నదే ఆ జవాబు. నోరు తెరుస్తాను. జవాబు నాలుక మీద ఎండిన మాలు ముద్దలా ఉంది. బయటికి ఉమ్మేస్తాను. నేల మీద పడి రెండు ముక్కలవుతుంది.

"ఎరుకే," అంటాను.

లోపల అరచేత్తో ఇటుకను తడిమిన చప్పుడవుతుంది.

"ఆ పొద్దు గోడను చేత్తోని తడిమిన," అక్క అంటుంది. "అద్దమోలె ఉన్నది. మా చెల్లె పూసింది, ఇగ భయం లేదు అనుకున్న. పోరగాళ్లందరినీ ఆ గోడకే ఆనిచ్చి కూసోబెట్టిన. వాన పడ్డంక లోపలేదో కొరికినట్టు చప్పుడైంది. ఒక్కొక్కలను లేపి బయటికి తోలిన. ఆఖరుకు నేను మిగిలిన. గంతే."

"నన్ను తిట్టక్కా."

"తిడుతనే ఉన్న, నాలుగేండ్ల సంది. నీకు ఇనబడకుంట నువ్వే పూసినవు."

నేను ఉలి పెట్టి గట్టిగా కొడతాను. పగులు తెరుచుకుంటుంది. తిట్లు బయటికి వస్తాయి, ఒకదాని వెనక ఒకటి, తిట్టిన రోజుల వరసలోనే. కొన్ని చల్లారి బూజు పట్టి ఉన్నాయి. కొన్ని ఇంకా వేడిగా ఉన్నాయి, చెంప మీద తగిలితే చురుక్కుమంటుంది. నా పుట్టుకను తిడుతుంది. నా చేతి పనితనాన్ని తిడుతుంది. తను పోయిన పదమూడో రోజు నేను తిన్న అన్నాన్ని తిడుతుంది. నేను చెక్కుతూనే ఉంటాను. తిట్లు అయిపోయేసరికి పగులు నేనొక పక్కగా దూరేంత అవుతుంది.

గోడ మందం పద్నాలుగు అంగుళాలు. లోపల పన్నెండు అడుగులు నడుస్తాను. నల్లగా, చల్లగా, తడి ఇటుక వాసన. అక్క గోడకు వీపు ఆనించి, మడమలు నేలలో దిగేసి, రెండు చేతులూ వెనక్కి చాపి నిలబడి ఉంది. తలలో ఇటుక ముక్కలున్నాయి. నాకన్నా పదేళ్లు పెద్దది, ఇప్పుడు ఆరేళ్లే.

"దా, పోదాం," అంటాను.

"నేను ఇడిచిపెడ్తే బడి ఉంటదా? నాలుగేండ్ల సంది ఇదెట్ల నిలవడ్డది అనుకున్నవు? మీ సారు సంతకం మీదనా?"

నేను బయటికి వచ్చేసరికి టీచరూ, పిల్లలూ బడికి వచ్చి ఉన్నారు. పగులు నోటిని మాలుతో మూసి, మధ్యలో గొట్టాలు అమరుస్తాను. అడుగున ఒకటి, జానెడు పైన ఒకటి, దాని పైన మరొకటి. సుగుణ టీచర్ చీర చెంగు దోపుకుని తొట్టిలో సిమెంటు పాలు కలుపుతుంది. పిల్లలు బోరింగు నుంచి గది దాకా వరసలో నిలబడి నీళ్లు చేతులు మారుస్తారు. అడుగు గొట్టంలో పోస్తాను. పాలు పై గొట్టంలోంచి బయటికి రావాలి. అప్పుడు లోపల నిండినట్టు. రావు. ఇంకా పోస్తాను. ఒకటే బస్తా ఉంది. అందులోంచి ఎంత తీసినా బస్తా అంతే ఉంటుంది. పొడిని వేళ్ల మధ్య రాసి చూస్తాను. సిమెంటు రంగు కాదు, తెలుపు. నా దిండు మీద ఉండే పొడే.

"ఎటు పోతుందిది?" టీచర్ అడుగుతుంది.

నేల మీద చెవి పెట్టి వింటాను. పాలు బడి కింద నుంచి, రోడ్డు కింద నుంచి గుట్ట వైపు పరిగెడుతున్నాయి.

"ఈ పగులు బడిది కాదు, టీచర్," అంటాను. "గుట్టది. బడి దాని కొస."

"అయితే గుట్ట నిండేదాకా పొయ్యాలె," టీచర్ అంటుంది. తొట్టిలో ఇంకో తట్ట పొడి వేస్తుంది.

పోస్తాం. పదకొండు దాటాక పై గొట్టంలోంచి తెల్లటి చుక్క తొంగి చూస్తుంది. తరువాత ధారగా వస్తుంది. ఒక్కో గొట్టానికీ బిరడా బిగిస్తాను. మూడు వరసలకొకటి అడ్డంగా గాడి కోసి, కడ్డీ పెట్టి, మాలుతో బిగిస్తాను. మొత్తం తొమ్మిది కుట్లు. చివరి కుట్టు బిగించాక గోడను పిడికిలితో కొట్టి చూస్తాను. గట్టి చప్పుడు వస్తుంది.

"ఇగ ఇడువు, అక్కా."

లోపల ఎముకలు సర్దుకున్న చప్పుడు. గోడ ఒక్కసారి మూలుగుతుంది. ముప్పై ఒక్కమంది పిల్లలూ, టీచరూ, నేనూ ఊపిరి బిగబడతాం. గోడ నిలబడుతుంది. రెండు కుట్ల మధ్య నుంచి అక్క పక్కగా జారి బయటికి వస్తుంది. వీపంతా ఇటుకల అచ్చులు. ఒక పిల్లను దగ్గరికి లాక్కుని, ఊడిన జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెడుతుంది. నా వైపు చూడదు. నేను క్షమించమని అడగను. అడిగితే అది కూడా పూతే అవుతుందని నాకు అనిపిస్తుంది.

పన్నెండున్నరకు చక్రధర్ సార్ వస్తాడు.

"ఇదేంటి? కడ్డీలు కనబడుతున్నాయి."

"కనబడాలె."

"చూసేవాళ్లు ఇక్కడ పగులుండేదని అనుకుంటారు."

"ఉండె గద."

"ఓదవ్వా, టైము లేదు. ఒక చెయ్యి పూసెయ్."

"పూయ."

నా నోట ఆ మాట రావడం ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి. అది చిన్న మాట. అయినా గదిలో దాని బరువుకు బెంచీలు ఇవతలికి ఒరుగుతాయి.

"నువ్వు కాకపోతే నేను పూస్తాను," అని ఆయన చొక్కా చేతులు మడుచుకుని తాపీ తీసుకుంటాడు. తట్టలోంచి మాలు తీసి గోడకు కొడతాడు. మాలు గోడకు అంటదు. తాపీ మీదుగా వెనక్కి పాకి ఆయన వేళ్లను కప్పుతుంది. ఇంకో దెబ్బ కొడతాడు. మోచెయ్యి దాకా వస్తుంది. ఆయనకు కోపం వస్తుంది, వేగంగా పూస్తాడు. మాలు భుజం ఎక్కి, మెడ ఎక్కి, ముఖం మీద పరుచుకుంటుంది. కనుగుంటలు నిండుతాయి. ముక్కు చదునవుతుంది. పెదవుల గీత పోతుంది. ఎక్కడా గీత లేదు, గరుకు లేదు. ఇంత మంచి పూత నేనెప్పుడూ పూయలేదు.

"బాగుంది," లోపలి నుంచి ఆయన గొంతు చిన్నగా వినిపిస్తుంది. "ఇప్పుడేమీ కనబడటం లేదు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆయన కలం పట్టుకుని గాలిలో తడుముతాడు. నా చేతులు ఊరికే ఉండలేకపోతాయి. ఉలి తీసుకుని ఆయన నోరు ఉండాల్సిన చోట ఊపిరి ఆడేంత గీత చెక్కుతాను. కళ్ల దగ్గర చెక్కను. అది మా అక్క చెప్పాలి. అక్క జడ అల్లుతూ తల అడ్డంగా ఊపుతుంది. సుగుణ టీచర్ ఆయన మోచెయ్యి పట్టుకుని బయటి అరుగు మీద కూర్చోబెట్టి వస్తుంది.

ఒంటిగంటకు సైరన్ మోగుతుంది. పిల్లలు అలవాటుగా చెవులు మూసుకుంటారు.

గుట్ట పేలదు.

మేమంతా బయటికి వచ్చి నిలబడతాం. గుట్టలో పేలుడు మందు కూరడానికి తొలిచిన రంధ్రాలన్నీ లోపలి నుంచి తెల్లగా నిండి ఉన్నాయి. ఆ మందంతా పొట్లాలుగా బయటికి తోసేసి ఉంది, రాళ్ల మీద వానకు తడిసిన బెల్లంలా కరుగుతోంది. క్వారీ మనుషులు అటూ ఇటూ పరిగెత్తుతున్నారు. గుట్ట వాళ్ల వైపు చూడదు. రోడ్డు వైపు చూస్తోంది.

రోడ్డు మీద రాళ్లు వస్తున్నాయి.

మొదట కోసిన దిమ్మెలు, లారీలెక్కి ఎలా పోయాయో అలాగే. వాటి వెనక నున్నగా మెరుగుపెట్టిన పలకలు. వంటింటి గట్లు వస్తున్నాయి, మీద సగం తరిగిన బెండకాయలతో, మూత పెట్టని ఉప్పు డబ్బాలతో. మెట్లు వస్తున్నాయి, ఒక్కొక్కటి విడివిడిగా. పెద్ద పెద్ద భవనాల గచ్చులు నిలువుగా లేచి, అంచుల మీద నడుస్తూ వస్తున్నాయి. రోడ్డు వాటి కింద నలుగుతోంది. ఏ రాయీ తొందరపడదు, ఏ రాయీ ఆగదు. ఒక్కొక్కటీ గుట్ట ఎక్కి, తను తెగిన చోటు వెతుక్కుని, అక్కడ నిలబడి నా కోసం చూస్తుంది.

నేను మాలు తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కుతాను. అక్క వెనకాలే వస్తుంది. పొద్దు వాలే దాకా పేరుస్తాం. నా కోపం తగ్గదు. చేతుల్లోకి దిగి, మాలు త్వరగా బిగిసేలా చేస్తోంది. తగ్గాలని నేను కోరుకోవడం లేదు.

అన్నిటికన్నా చివర సముద్రం దాటి ఒక రాయి వస్తుంది. నిలువెత్తు నల్లరాయి, ఒళ్లంతా నాచు. దాని మీద మాకు చదవరాని లిపిలో ఎవరిదో పేరు చెక్కి ఉంది. అక్షరాల గుంటల్లో చిన్న చిన్న చేపలు ఇంకా ఈదుతున్నాయి. రాయి వెనక ఒక ముసలాయన నడిచి వస్తున్నాడు. కోటు, టై, కాళ్లకు చెప్పులు లేవు, చెవుల్లో మట్టి. అది ఆయన సమాధి రాయి. తన మీద నుంచి లేచిపోతుంటే ఊరుకోలేక దాని వెంటే వచ్చాడు.

ఆయన మాకు తెలియని భాషలో కోపంగా ఏదో అంటాడు. అక్క మా భాషలో, అంతకన్నా కోపంగా జవాబిస్తుంది. ఆయన తన పేరును వేలితో చూపిస్తాడు. అక్క గుట్ట కడుపులో ఉన్న ఖాళీ చూపిస్తుంది. ఇద్దరూ అలా గొంతులు లేపి, చేతులు విసురుతూ, ఎడతెగకుండా పోట్లాడుకుంటారు. అక్షరాల్లో చేపలు అటు నుంచి ఇటు తిరుగుతాయి. ఉన్నట్టుండి ముసలాయన మాట ఆపి వంగి ఆ ఖాళీలోకి చూస్తాడు. చాలాసేపు చూస్తాడు. తరువాత కోటు విప్పి, మడిచి, పక్కన రాయి మీద పెడతాడు.

ఆయన ఒక కొస పట్టుకుంటాడు. రెండో కొస అక్క పట్టుకుంటుంది. పేరు లోపలి వైపుకు తిప్పుతారు. నేను అడుగున మాలు పరిచి, పక్కకు జరిగి, దించమని చెయ్యి ఊపుతాను. రాయి దిగుతూ ఉంటే చేపలు ఒక్కొక్కటిగా గుట్టలోకి దూకుతాయి.